రేవు దొరసాని కబురుతో వెల్దుర్తి దాకా

వెల్దుర్తిలో చూడటానికి ఏముందని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. నేను చూడటానికి వెళ్ళలేదు. ఒక మనిషిని వెంటబెట్టుకుని రావటానికి వెళ్ళాను.

ఆ మనిషి పేరు సైదమ్మ. నరసరావుపేటలో మేమిద్దరం పక్కపక్క గదుల్లో ఇరవై ఏళ్ళ పైనే ఉన్నాం. తను ఉతికేది, నేను ఇస్త్రీ చేసేదాన్ని. ఇద్దరికీ మొగుళ్ళు ఎప్పుడో పోయారు, పిల్లలు కలగలేదు. జుట్టు నెరిశాక ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నాం. రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే తను సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన సామాను పడేసి తాళం వేసుకున్నాడు. గోడ అవతల నుంచి దగ్గు కూడా వినపడదు. నా దగ్గు నేనే వింటూ పడుకుంటున్నాను.

నరసరావుపేట

బయల్దేరడానికి ఒక వంక కావాలి కదా. నా వంక ఏమిటంటే, ఎప్పుడో మూడు వందల ఏళ్ళ నాటి ఒక ఇంగ్లండు ఆవిడ. నవ్వకండి, చెబుతాను.

మాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. సాయంత్రాలు వాళ్ళ వరండాలో బోర్డు పెట్టి మాకు తెలుగు చెప్పేది. అమ్మ, ఆవు, ఇల్లు అని రాయించి రాయించి ఆవిడకే విసుగొచ్చింది కాబోలు. “మీలాంటి ఆవిడ కథ ఒకటి చెబుతాను. రోజుకో వాక్యం బోర్డు మీద రాస్తాను. చదువుకుంటూ రండి, కథ ముందుకు నడుస్తుంది” అంది.

ఆ ఇంగ్లండు ఆవిడకి చిన్నప్పుడు ఇంట్లోనే చదవటం నేర్పారట. ఆ పైన బతుకంతా పెద్దిళ్ళ బట్టలు ఉతకటం, కోతలప్పుడు పొలం కూలి. తెల్లవారకముందే చలిలో నడుచుకుంటూ పోయి ఆ ఇళ్ళ తలుపు కొట్టేదట. లోపల పనిమనిషి నిద్ర లేచి తలుపు తీసేదాకా బయట వణుకుతూ నిలబడాలి. అయినా ఆవిడ పద్యాలు కట్టింది. కాగితం పట్టుకునే తీరిక ఎక్కడిది, ఉతుకుతూ మనసులోనే కట్టుకుని మనసులోనే దాచుకునేది. తర్వాత అవి అచ్చయ్యాయి. చాలామంది నమ్మలేదట, ఉతికే ఆవిడేమిటి, పద్యమేమిటి అని.

ఆవిడ పేరు టీచరమ్మ చెప్పింది. మా నోళ్ళలో తిరగలేదు. తెల్లావిడ కదా, మేము దొరసాని అన్నాం.

“దొరసాని కాదే. దొరసానుల చీరలు ఉతికే మనిషి” అంది టీచరమ్మ.

“దొరసానులు చీరలు కట్టరుగా టీచరమ్మా” అంది సైదమ్మ.

చివరికి రాజీ పడి ‘రేవు దొరసాని’ అని పెట్టుకున్నాం. నెలల తరబడి ఆవిడే మా పాఠం. ఒక సాయంత్రం టీచరమ్మ బోర్డు మీద ఈ ముక్క రాసింది: తర్వాత ఆమె పోయింది.

“అయ్యో, చచ్చిపోయిందా!” అన్నాను నేను.

“చావటమేంది? ఊరొదిలి పోయింది” అంది సైదమ్మ.

పేటలో పెరిగిన నాకు మనిషి పోయిందంటే చనిపోయిందనే. సైదమ్మది గురజాల పక్క. వాళ్ళకి బజారుకు పోయినా పోవటమే, ఊరు విడిచి పోయినా పోవటమే. టీచరమ్మ ముసిముసిగా నవ్వి, “బాగుంది. ఇద్దరూ ఆలోచించుకోండి, రేపు చెబుతాను” అంది. ఆ రేపు రాలేదు. ఆవిడకి జబ్బు చేసి హైదరాబాదు తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకి టీచరమ్మ పోయింది అని కబురొచ్చింది. ఆ మాట దగ్గర మాత్రం మాకు తగాదా రాలేదు.

రేవు దొరసాని మీద తగాదా తెగలేదు. అన్నం తింటూ, బట్టలు మడతపెడుతూ అదే గొడవ. ఒక పొద్దున సైదమ్మ నా గుమ్మంలో నిలబడి “పోతన్నా” అంది. నా చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె ఉంది, తలెత్తలేదు. “వచ్చేటప్పుడు బొగ్గులు పట్రా” అన్నాను. మళ్ళీ రాలేదు. ఫోను నంబరు కూడా పనిచేయలేదు. పుట్టింటికి గురజాల వెళ్ళిందని చుట్టూ తిరిగి ఒక మాట నా చెవిన పడింది.

మొన్నీమధ్య నేను చొక్కాలు ఇస్త్రీ చేసే ఒక లెక్చరరుగారిని ఆ ఇంగ్లండు ఆవిడ సంగతి అడిగాను. ఆయన ఫోనులో చాలాసేపు వెతికి చెప్పారు. ముసలితనంలో ఒక చిన్న ఊళ్ళో, ఇంటి పైకప్పు కింద గదిలో ఒక్కతే ఉండేదట. ఆ తర్వాత ఏమైందో, ఎక్కడ కన్ను మూసిందో రాసిపెట్టినవాళ్ళు లేరట. ఈ కబురు సైదమ్మకి చెప్పాలన్నది నా వంక. చెప్పి, పేటకి తీసుకొచ్చేయాలన్నది నా పని. పక్క గది ఖాళీ చేయిస్తానని ఇంటి ఓనరు దగ్గర మాట కూడా తీసుకుని, ఆదివారం పొద్దున బస్సెక్కాను.

పిడుగురాళ్ళ మీదుగా

ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సులో టికెట్టు డబ్బుల్లేవు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. కండక్టరు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

“ఇది నువ్వేనా మామ్మా?”

“నేనే నాయనా. ఆ ఫొటో తీసినాయన మీద నాకూ కోపంగానే ఉంది.”

వెనక సీట్లలో మిరపకోతలకి పోయే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఒకావిడ ముందుకు జరిగి నా పక్కన కూర్చుంది. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, చేతులకి పాత సాక్సులు తొడుక్కుని ఉంది. మిరప మంటకి అదే గ్లవుసు.

“ఒక్కదానివే పోతన్నావా పెద్దమ్మా? యాడికి?”

“గురజాల.”

“గురజాల్లో ఎవురున్నారు?”

“సైదమ్మని ఒకామె ఉంది.”

“ఏమవుద్ది నీకు?”

అక్కడ ఆగిపోయాను. మనకి పెద్దమ్మకీ చిన్నమ్మకీ వేరే మాటలున్నాయి. వియ్యపురాలికి ఉంది, తోడికోడలికి ఉంది. ఆఖరికి సవతికి కూడా ఉంది. ఇరవై ఏళ్ళు గోడ అవతల ఉన్న మనిషికి ఏ మాటా లేదు. ఆవిడ నా మొహంలోకి చూస్తూనే ఉంది.

“పక్క గదామె” అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో, తల ఊపి ఊరుకుంది.

పిడుగురాళ్ళ వస్తుంటే సున్నపు బట్టీలు. రోడ్డు తెల్లన, కొట్ల రేకులు తెల్లన, వేపాకులు కూడా తెల్లన. ఇస్త్రీ చేసేదాన్ని కదా, నాకు ఆ ఊళ్ళో దిగాలంటేనే గుండె దడ. తెల్ల చొక్కా అక్కడ ఎంతసేపు నిలుస్తుందో దేవుడికెరుక. రేవు దొరసాని కాలంలో సబ్బు ఖరీదట, పొయ్యి బూడిద నానేసిన నీళ్ళతో మురికి వదలగొట్టేవాళ్ళట. మా అమ్మ చౌడు మట్టి వాడేది. బూడిదైనా చౌడైనా చేతులు పగలటం ఒకటే.

ముందు సీట్లో ఒక పెద్దాయన, మెళ్ళో తువ్వాలు, వెనక్కి తిరిగి కోతల ఆడవాళ్ళతో మేలమాడుతున్నాడు. “మీకు కూలి కాయ కోసినందుకు కాదు, కబుర్లు చెప్పుకున్నందుకు ఇత్తన్నాం” అన్నాడు.

“మామా, నువ్వో పూట వంగు. నడుం లేచిందో, మా కూలి నువ్వే తీసుకో” అంది నా పక్కనామె.

బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆశ్చర్యమేసింది. రేవు దొరసాని కథలో అచ్చం ఈ పెద్దాయనే ఉన్నాడు. ధాన్యం నూర్చే కూలివాడు ఒకడు తన కష్టం మీద పద్యం రాస్తూ, పొలంలో ఆడవాళ్ళవి కబుర్లే గాని పని కాదన్నట్టు రాశాడట. అదిగో, దానికి జవాబుగానే ఆవిడ పద్యం కట్టింది. మీరు ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుంటారు, మాకు అప్పుడు రెండో పని మొదలవుతుంది అన్నది దాని సారమని టీచరమ్మ చెప్పింది. ఈ సంగతి పక్కనామెకి చెప్పాను.

“మూడొందల ఏళ్ళ కిందటా?” అంది.

“ఆఁ.”

ఆవిడ ముందు సీటు వైపు చెయ్యి ఊపింది. “మామా! నీ మాట చానా పాతదంట. కొత్తదేమన్నా ఉంటే చెప్పు.”

ఆవిడ తర్వాతి స్టేజీలో దిగిపోయింది. నా పక్క సీటు గురజాల దాకా ఖాళీగానే ఉంది.

గురజాల

సైదమ్మ పుట్టింట్లో ఇప్పుడున్నది వాళ్ళ వదిన పిచ్చమ్మ ఒక్కతే. నన్ను ఎప్పుడో ఒకసారి చూసింది. నేను వెళ్ళేసరికి వాకిట్లో పండుమిరపకాయలు తొడాలు తీస్తోంది.

“సైదమ్మ ఉందా వదినా?” అన్నాను.

తలెత్తకుండానే, “సైదమ్మా? పోయిందిగా” అంది.

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఎప్పుడు అని అడగాలి, ఎలా అని అడగాలి. సంచీలో తన కోసం తెచ్చిన అరిసెల పొట్లం ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను. పిచ్చమ్మ అప్పుడు నా మొహం చూసింది.

“ఓయమ్మో, ఏందే అట్టయిపోయావ్! బతికే ఉందే. వెల్దుర్తి పోయింది. రాయిలా ఉంది, దానికేం.”

అని ఒకటే నవ్వు. మిరపకాయల చేతులతోనే నాకు మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు అంచు తగిలి నా పెదవులు భగ్గుమన్నాయి. ఏడుపొచ్చిందో మంటకి నీళ్ళొచ్చాయో నాకే తెలియదు. మిరపకాయల మీద నెట్టేశాను.

మధ్యాహ్నం వేడన్నం, ఆ పూటే రోట్లో నూరిన పండుమిరప పచ్చడి, గడ్డపెరుగు, పచ్చి ఉల్లిపాయ. పేటలో మేం తినే కారాన్ని గురజాలలో కారం అనరు. రెండో ముద్దకి నా మాడు అదిరింది. పిచ్చమ్మ మాత్రం పచ్చడి పెళ్ళలు పెళ్ళలుగా కలుపుకుని నింపాదిగా మాట్లాడుతోంది.

“వచ్చి కొన్నాళ్ళు ఇక్కడే ఉందే. ఎవరితో గొడవ లేదు. ఒకరోజు వెల్దుర్తిలో ఆడపిల్లల హాస్టలు దుప్పట్లు ఉతికే పనుందంటే పోయింది. ఈడే ఉండరాదా అంటే, ఉంటే మీ ఇంట్లో ఉన్నట్టు ఉంటదిగా వదినా అంది. మరి ఇంట్లో గాక చెట్టు మీద ఉంటారా?”

“నా గురించి ఏమన్నా అనేదా?”

“అనకేం. నాగేంద్రం చానా మంచిది, చానా మొండిది అనేది.”

“ఏది ముందు అనేది?”

“మొండిది ముందు.” కంచంలో చెయ్యి కడిగింది. “తీసకపోటానికి వచ్చావా?”

“ఆఁ.”

“రాదు.”

“నువ్వు చెప్పమాక. దాన్ని చెప్పనియ్యి.”

“నే చెప్పేది చెప్పా. అరిసెలు మటుకు బాగున్నాయే” అంది. అప్పటికే పొట్లం విప్పి రెండు తినేసింది.

రెంటచింతల, మాచర్ల

మర్నాడు పొద్దున బస్సు రెంటచింతల మీదుగా. ఎండాకాలం వచ్చిందంటే వార్తల్లో ఈ ఊరి పేరు వింటూనే ముసలిదాన్నయ్యాను. తీరా నేను వెళ్ళింది మాఘమాసం. ఎండ మా ఊరి ఎండలాగే ఉంది. కాస్త నిరాశ పడ్డాను. మజ్జిగ ప్యాకెట్టు పది రూపాయలు, చల్లగా కూడా లేదు.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బస్సు కిటికీ తీస్తే తుమ్ములు, వేస్తే ఉక్క. ఒకరు తుమ్మితే బస్సంతా అందుకుంది. పరాయివాళ్ళం అందరం కలిసి చేసిన పని ఈ ప్రయాణం మొత్తంలో అదొక్కటే.

మాచర్లలో దిగి ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై. పేటలో ముప్ఫయ్యే. అడిగితే హోటలాయన, “చట్నీలో పల్లీ ఎక్కువేస్తాం పెద్దమ్మా” అన్నాడు. రుచి చూశాక ఆ పది రూపాయలు ఇవ్వచ్చనిపించింది. చెన్నకేశవస్వామి గుడి బయట నుంచే దణ్ణం పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు ఇద్దరం కలిసి లోపలికి వెళ్దామనుకున్నాను.

ఎత్తిపోతల జలపాతం ఇక్కడికి దగ్గరే. సైదమ్మ ఎప్పుడూ అనేది, ఉతికే బతుకులో నీళ్ళు కిందే చూశాం, పై నుంచి పడే నీళ్ళు చూడాలి ఒకసారి అని. స్టాండులో ఆటో అతన్ని అడిగాను, రేపు ఎత్తిపోతల చూపించి తీసుకురావటానికి ఏం తీసుకుంటావని.

“ఎంతమంది?”

“ఇద్దరం.”

“ఇద్దరికైనా ఆరుగురికైనా వెయ్యి. ఇంకో నలుగుర్ని చూసుకోండి, గిట్టుబాటవుద్ది.”

ఇంకో నలుగురట. నేను ఒక్కదాన్ని తెచ్చుకోవటానికే ఇంత దూరం వచ్చాను.

వెల్దుర్తి

వెల్దుర్తికి వెళ్ళే దారంతా మెట్ట పొలాలు, రాళ్ళు, దూరంగా కొండలు. ఊళ్ళో దిగి హాస్టలు ఎక్కడో కనుక్కున్నాను గాని సైదమ్మ ఇల్లు ఎవరూ చెప్పలేకపోయారు. “దుప్పట్ల మామ్మా? ఆ సందులో ఎక్కడో” అన్నారు. సందులో అన్నీ ఒకేలాంటి రేకుల గదులు.

ఒక దొడ్లో తాళ్ళ మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. దగ్గరికి పోయి ఒకదాని మూల తిప్పి చూశాను. మాలాంటి వాళ్ళకి అక్షరాలు రాకముందే గుర్తులు వచ్చు. ఏ బట్ట ఎవరింటిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూల మీద ఒక చుక్కో గీతో పెట్టేవాళ్ళం. ఇప్పుడు అంగట్లో దొరికే మార్కరు పెన్నుతో పెడతారు. ఆ దుప్పటి మూల రెండు గీతలు, కింద తోక. ఆ తోక సైదమ్మది. గీత గీశాక చెయ్యి వెంటనే లేపదు, కాస్త లాగి వదులుతుంది. పలక మీద రాసినా అంతే.

దుప్పటి తొలగించుకుని లోపలికి వెళ్ళాను. రాతి బండ ముందు, మోకాళ్ళ పైకి చీర దోపుకుని నా వైపు వీపు పెట్టి ఉంది.

“ఎవరే అది, దుప్పటి ముట్టుకుంది?”

“నేనే.”

“నేనంటే?”

“నాగేంద్రాన్ని.”

చేతిలో గుడ్డ బండ మీద పెట్టి, నిదానంగా తిరిగింది. చిక్కింది. ముందు పన్ను ఊడింది.

“చావలేదా నువ్వింకా?”

“నువ్వు చావలేదని తెలిసి, చూసిపోదామని వచ్చా.”

“సరే, ఆ కొస పట్టుకో.”

తడి దుప్పటి ఒక కొస నా మీదకి విసిరింది. పట్టుకున్నాను. తను అటు తిప్పింది, నేను ఇటు తిప్పాను. ఎవరు ఎటు తిప్పాలో అడగలేదు. నీళ్ళు ధారగా కారాయి. అలా ఒకదాని తర్వాత ఒకటి. బండ పక్కన భూమిలో పాతిన గుంజ ఒకటి ఉంది, నడుం ఎత్తున, నున్నగా అరిగిపోయి.

“ఇదేంది?” అన్నాను.

“ఇన్నాళ్ళూ నువ్వు” అంది. ఒక కొస దానికి చుట్టి ఒక్కతే పిండుకుంటోందట.

ఆ ఊరి బోరు నీళ్ళు ఉప్పన. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాలి. పేటలో ఈ బాధ లేదుగా అన్నాను. “లేదు” అంది, అంతే.

పని అయ్యాక గట్టు మీద కూర్చున్నాం. లెక్చరరుగారు చెప్పిన కబురు చెప్పాను. పైకప్పు కింద గది, ఒక్కతే ఉండటం, తర్వాత ఏమైందో ఎవరికీ తెలియకపోవటం.

“మూడొందల ఏళ్ళయినా తెలీదంటా?”

“ఎవరూ రాసిపెట్టలేదంట.”

“మంచిదే.”

“ఏంది మంచిది? పద్యాలు కట్టిన మనిషి. ఎక్కడ పూడ్చారో కూడా తెలీకపోతే మంచిదా?”

“గది ఉంది గదే ఆమెకి. తలుపేసుకుంటే తనే తీసుకోవాల.” కాలి వేళ్ళు విరుచుకుంది. “బాగానే ఉందిలే దొరసాని.”

ఇంక వంక అయిపోయింది. అడగాల్సింది అడిగేశాను. “పేటకి రావే. నీ గది ఖాళీ చేయిస్తానన్నాడు ఓనరు. ఉతికే పని ఉంది, మంచి నీళ్ళున్నాయి. నాకు ఒక్కదానికీ పొద్దు పోవటంలా.”

సైదమ్మ లేచి లోపలికి పోయి అన్నం తెచ్చింది. కంచం ఒకటే ఉంది. నన్ను ముందు తినమంది, నేను తిన్నాక అదే కడిగి తను పెట్టుకుంది. గ్లాసు ఒకటే. చాప ఒకటే. గోడకి మేకు ఒకటే, దానికి చీర ఒకటే. మనిషి ఒక్కతే ఉంటే ఇల్లు ఇట్లా అవుతుందా అనుకున్నాను. తను మాత్రం అవన్నీ నాకు గొప్పగా చూపించింది, కొత్త కోడలు పుట్టింటి సామాను చూపించినట్టు.

తింటూ తింటూ అంది. “నేను పోతానని నీకు చెప్పే పోయా.”

“ఎప్పుడు చెప్పావ్? పోతన్నా అంటే బజారుకనుకున్నా. బొగ్గులు తెమ్మన్నా.”

“ఆ పొద్దున కాదే. అంతకుముందు. దొరసాని ఊరొదిలి పోయింది, చేసింది చాలని పని దించి పోయిందని ఎన్నాళ్ళు చెప్పా? ఎవురి గురించి చెప్తన్నాననుకున్నావ్?”

“నువ్వు చచ్చింది, చచ్చింది అంటానే ఉన్నావ్. పోయిందే అనుకుందాం, ఎందుకు పోయుంటదే అని ఒక్కరోజన్నా అడుగుతావేమో అని చూశా.”

“అడగలా.”

“అడగలా.”

“ఇప్పుడు అడుగుతున్నా. ఎందుకు పోయావ్?”

దూరంగా హాస్టలు గంట కొట్టారు.

“నీ మీద కోపం కాదే. పుట్టింట్లో అన్న మాట, అత్తింట్లో మావ మాట, తర్వాత నీ మాట. నువ్వు మంచే చెప్పావ్, కాదనను. నా ఒక్కదాని మాట ఎట్టుంటదో వినాలనిపించింది. అంతే.”

“విన్నావా?”

“వింటన్నా.”

“ఎట్టుంది?”

“కొన్ని రోజులు చానా బాగుంటది. కొన్ని రోజులు ఏం వినపడదు.” ముద్ద నోట్లో పెట్టుకుంది. “రానే. అడగమాక ఇంక.”

నేను మొండిదాన్నే. అది తప్పని ఇప్పటికీ అనుకోను. పోయిందంటే చచ్చిందనే ఇప్పటికీ అంటాను. కానీ ఒకే బోర్డు, ఒకే ముక్క, ఒకే పలక. ఇద్దరం చదివాం. తను చదువుతూ నాకు ఏదో చెబుతోందని నాకు ఎందుకు వినపడలేదో, ఆ మధ్యాహ్నమంతా ఆ గట్టు మీద కూర్చుని ఆలోచించాను. సైదమ్మ ఏ మాటా నేరుగా అనదు. దుప్పటి ఆరేసినట్టే, తాడు మీద వేసి పోతుంది. తీసుకునేవాళ్ళు తీసుకోవాలి.

ఆ రాత్రి అక్కడే ఉన్నాను. చాప నాకిచ్చి తను చీర పరుచుకుంది. మధ్యలో గోడ లేదు. దగ్గు బాగా వినపడింది.

తిరుగు బస్సు

పొద్దున నన్ను బస్టాండు దాకా సాగనంపింది. దారిలో ఉప్పు నీళ్ళ గురించి, హాస్టలు వార్డెను గురించి, పిచ్చమ్మ తిన్న అరిసెల గురించి మాట్లాడింది. నేను ఆఁ, ఊఁ అన్నాను. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను.

“దుప్పట్లు సోమవారం సోమవారం వస్తాయి” అంది వెనక నుంచి.

మెట్టు మీదే ఆగి వెనక్కి తిరిగాను. “ఎందుకు చెబుతున్నావే?” అన్నాను. ఈసారి అడిగాను.

తను నా మొహం వైపు కాదు, బస్సు చక్రం వైపు చూస్తోంది. “ఊరికే. ఎక్కు, బస్సు కదులుద్ది” అంది.

బస్సు కదలకముందే తను వెనక్కి తిరిగి నడిచింది. హాస్టలు వాళ్ళు వచ్చేలోగా మడతలు పెట్టాలి. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఒకసారన్నా తిరిగి చూడలేదు.

మాచర్లలో ఆ ఆటో అతని కంట పడకుండా బస్సు మారాను. గుళ్ళోకి వెళ్ళలేదు. ఎత్తిపోతల చూడలేదు కాబట్టి దాని గురించి రాయలేను, వేరేవాళ్ళని అడగండి. ఇంటికొచ్చి తాళం తీసి, ఫ్యాను వేసుకుని, పక్క గది వైపు గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. ఓనరు అడిగితే, సెల్‌ఫోన్లాయన్నే ఉండనివ్వమన్నాను.

నాకు రాయటం నెమ్మది. ఒత్తుల దగ్గర ఆగుతాను. ఈ నాలుగు కాగితాలు రాసేసరికి ఆదివారం సాయంత్రమైంది. ఇవాళ ఇస్త్రీ బట్టలేమీ ఒప్పుకోలేదు. రేపు పొద్దున్నే బస్సుంది.